జీఐఎస్‌లోకి వస్తే క్యూసీ సీటు అడగండి

ప్రశ్న: "ప్రతి చిన్న విషయం సరిచూసుకునే అలవాటు నాది. మ్యాపింగ్, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు తయారుచేసే పని) వైపు వస్తే నాలాంటివాళ్ళకి ఏ ఉద్యోగం నప్పుతుంది?"

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో, బజార్లో తెలుగే. నేనూ ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి సూటిగా చెప్తున్నా, క్యూసీ, అంటే క్వాలిటీ కంట్రోల్. వేరేవాళ్ళు గీసింది తనిఖీ చేసే సీటు. ముందు అందరినీ డిజిటైజింగ్‌లోకే తోస్తారు. శాటిలైట్ ఫోటో మీద ఇళ్ళ కప్పులు, రోడ్లు గీస్తూ కూర్చోవాలి, రోజుకెన్ని గీశావనే లెక్క తప్ప ఎంత సరిగ్గా గీశావని అడిగే నాథుడుండడు, మీలాంటివాళ్ళు అక్కడ "స్లో" అనే పేరు తెచ్చుకుని బయటికొస్తారు.

ఒకసారి మా దగ్గరికి గ్రామాల బోరింగులు మ్యాపులో పెట్టే పని వచ్చింది. ఇక్కడో తిరకాసుంది. యూటీఎం అనే మ్యాపు కొలతల పద్ధతిలో భూమిని 6 డిగ్రీలకో జోన్‌గా విడగొడతారు. 84 డిగ్రీల రేఖాంశం దగ్గర 44వ జోన్ అయిపోయి 45 మొదలవుతుంది, ఆ గీత మా ఊళ్ళ మధ్య నుంచే పోతుంది. నౌపడలో గుణుపురం రైలెక్కితే పర్లాకిమిడి దాటాక, కాశీనగర్ రాకముందే జోన్ మారిపోతుంది. గుణుపురం టీమ్ 44లో, మా వైపు టీమ్ 45లో కొలిచి ఎక్సెల్ షీట్లు పంపారు. ప్రతి జోన్‌లోనూ అవే అంకెలు మళ్ళీ వస్తాయి కాబట్టి జోన్ పేరు రాయాలి, కానీ ఎవరూ రాయలేదు. రెండు షీట్లూ 44 అనే లోడ్ చేస్తే పర్లాకిమిడి బోరింగులన్నీ వెళ్ళి నిజామాబాద్ దగ్గర తేలాయి.

అంత పెద్ద తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. అసలు ఘోరం ఆ తర్వాతే. డెలివరీ టెన్షన్‌లో టీమ్ లీడరు మా వైపు షీటు లేయర్ మొత్తాన్ని (అంటే ఆ షీటులోని పాయింట్లన్నిటినీ) మౌస్‌తో లాక్కొచ్చి, పర్లాకిమిడి బస్టాండ్ దగ్గర సరిపోయేలా పెట్టి సేవ్ కొట్టేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. కొత్తగా చేరిన కాశీనగర్ అమ్మాయి మాత్రం "సార్, ఈ బోరింగు చెరువు మధ్యలో ఉందండీ" అంది. "ఫోటో పాతదమ్మా, వదిలెయ్" అన్నాడాయన. ఆ పిల్ల వదల్లేదు. ఒక్కో ఊరే చూసుకుంటూ పోయింది. బస్టాండ్ దగ్గర తేడా లేదు, దూరం వెళ్ళేకొద్దీ పెరుగుతోంది, 10 కిలోమీటర్లు పోయేసరికి 300 మీటర్లు దాటేసింది. అంటే లేయర్ మొత్తం తిరిగిపోయింది! జోన్ అంచున గ్రిడ్ (మ్యాపు మీది గళ్ళ గీతలు) చూపించే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మా దగ్గర ఒక డిగ్రీ దాకా తేడా ఉంటుంది, పక్క జోన్‌లో అంతే తేడా ఎదురువైపుకి, రెండూ కలిపితే దాదాపు 2 డిగ్రీలు. మౌస్‌తో ఎంత జరిపినా అది పోదు. ఆ షీటు 45 అని చెప్పి మళ్ళీ లోడ్ చేస్తే అన్నీ చక్కగా కూర్చున్నాయి.

మెచ్చుకుంటూ మెయిలు మాత్రం టీమ్ లీడరుకి వచ్చింది. ఈ లైనులో అంతే, తప్పు పట్టినవాడికి పేరు రాదు, అది తట్టుకోగలిగితేనే రండి.

క్యూసీలో కూడా నన్నడిగితే భూమి రికార్డుల వైపే వెళ్ళమంటాను. 2020లో స్వామిత్వ పథకం వచ్చాక ఊళ్ళలో ఇళ్ళ స్థలాలను కూడా డ్రోన్లతో కొలుస్తున్నారు. రెండు ప్లాట్లు ఒకదాని మీదికి ఒకటి అడుగు ఎక్కినా అన్నదమ్ములు కోర్టుకెళ్తారు, అక్కడ మీ చాదస్తానికి విలువుంటుంది. కరెంటు లైన్లు, ఫైబర్ కేబుళ్ళ మ్యాపుల్లోనూ పని ఉంది. డీజీపీఎస్ (చోటును కచ్చితంగా కొలిచే పరికరం) పట్టుకుని ఎండలో కొన్నాళ్ళు తిరగండి, ఫీల్డ్ చూడనివాడు క్యూసీకి పనికిరాడని నా గట్టి నమ్మకం.

సర్టిఫికెట్ కోర్సులకి వేలకు వేలు పోయకండి, మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం. ఇంటర్వ్యూలో మీరే ఒక మాట అడగండి, "మీ దగ్గర క్యూసీ ఎవరు చేస్తారు?" అని. "గీసినవాళ్ళే చూసుకుంటారు" అన్నారంటే ఆ ఆఫర్ వదిలేయండి.