ఆటల ప్రశ్నలు: ఒడిశాలో బరువులెత్తే తెలుగు విద్యార్థులకు

ప్రశ్న: మా అబ్బాయి పర్లాకిమిడిలో బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాడు. సాధనలో స్నాచ్ (బార్‌ని నేలమీంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 95 కిలోలు ఎత్తుతాడు. బరంపురం విశ్వవిద్యాలయం జట్టు ఎంపికకు వెళ్లి 92తో మొదలెట్టి, మూడుసార్లూ పడేశాడు. జెర్క్ (ముందు భుజాల దాకా, ఆపైన తలపైకి ఎత్తడం) బాగా ఎత్తినా టోటల్ (రెండింటిలో ఎత్తిన పెద్ద బరువుల మొత్తం) లేదన్నారు. బలం చాలలేదా?

జవాబు: చాలలేదనలేం. మొదటి బరువు ఎక్కువైంది. స్నాచ్‌లో ఒక్కటైనా నిలబడకపోతే జెర్క్‌లో ఎంత ఎత్తినా టోటల్ ఉండదు. అడిగిన బరువును పెంచుకోవచ్చు గానీ, ఒకసారి పడేశాక అంతకన్నా దించడం కుదరదు. పైగా ఆ బరువుకు ఇంకెవరూ లేకపోతే మళ్లీ తనే రావాలి, దొరికేది రెండు నిమిషాలే. ఊపిరి కుదుటపడకుండానే అదే బరువు, అదే తప్పు.

మొదటి బరువు నిద్ర చాలని రోజున కూడా వరసగా రెండుసార్లు ఎత్తగలిగినదై ఉండాలి. 95 ఎత్తేవాడికి అది 86. అది నిలిస్తే 91, ఆపైన 95 లేదా 96. వేడెక్కడానికి ఖాళీ బార్, 40, 55, 65, 73, 79, 83 సరిపోతాయి. ఆఖరిది అయ్యాక మూడు నాలుగు నిమిషాల్లో వేదిక ఎక్కాలి. అందుకే ఒకరు బరువులు రాసుకునే అధికారుల బల్ల దగ్గర కూర్చుని, మనవాడికి ముందు ఎన్ని ప్రయత్నాలున్నాయో లెక్కపెడుతుండాలి. మన దగ్గర చాలా జట్లకు లేనిది ఈ లెక్క చూసే మనిషే.

బార్ ఎటు పడిందో కూడా అడగండి. ముందుకు పడితే, నేలమీంచి లేపేటప్పుడు నడుము ముందే లేచి బార్ ఒంటికి దూరమైందన్నమాట. వెనక్కి పడితే సాధారణంగా తుంటితో బార్‌ని ముందుకు తోసి ఉంటాడు, అది విల్లులా తిరిగి తలమీదుగా వెనక్కి పోతుంది.

పెద్ద గెంతు ఎంతటివారికైనా కష్టమే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన పొరుగు శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి జెర్క్‌లో 130 ఎత్తాక స్వర్ణం కోసం 137.5 అడిగారు. అది నిలవలేదు, 240 టోటల్‌తో కాంస్యం వచ్చింది. ఆమెకు అప్పటికే టోటల్ ఉంది కాబట్టి ఆ సాహసం చెల్లింది. మీవాడు చేసింది మొదటి ప్రయత్నంలోనే.

ప్రశ్న: కింది బరువు విభాగంలో దిగడానికి ఒంటి బరువు మూడు కిలోలు తగ్గించమంటున్నారు. తగ్గించనా? (విద్యార్థిని, ఛత్రపురం)

జవాబు: వద్దమ్మా. బరువు తూచేది పోటీకి రెండు గంటల ముందు, ఒక గంటసేపు. నీళ్లు మానేసి తగ్గితే ఆ కాస్త వ్యవధిలో ఒళ్లు కోలుకోదు, జెర్క్ దగ్గర కాళ్లు వణుకుతాయి. మన బరంపురం రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచి, 2014 గ్లాస్గోలో పై విభాగం 77లో రజతం తెచ్చారు. పెరిగే ఒంటిని పెరగనివ్వండి. తూచాక ఓఆర్ఎస్, అరటిపండు, రెండు ఇడ్లీలు చాలు. పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) కడుపునిండా తింటే వంగలేరు. విభాగాల హద్దులు ఈమధ్య తరచూ మారుతున్నాయి, ఆ ఏటి సర్క్యులర్ చూసుకోండి.

ప్రశ్న: అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు అర్హత ఏమిటి?

జవాబు: రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి, దూరవిద్య పనికిరాదు. వయసు 17 నుంచి 25 లోపు. పదో తరగతి, ఇంటర్ పత్రాలు, ఆధార్, ఫీజు రసీదు, ప్రిన్సిపాల్ సంతకం సిద్ధంగా ఉంచుకోండి. మన తెలుగు ఇళ్లలో వచ్చే చిక్కు పేరుతోనే: ఒక పత్రంలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో చివర, మరోదాంట్లో ఉత్త పొడి అక్షరం. ఎంపికకు ముందే సరిచేయించండి.

ప్రశ్న: కాలేజీలో గది ఇచ్చారు, డబ్బు తక్కువ. ఏం కొనాలి?

జవాబు: పోటీ వేదిక 4 మీటర్ల చదరం. సాధనకు రెండున్నర మీటర్లు చాలు. చదునైన కాంక్రీటు మీద 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు, అతుకులు ఒకదానిమీద ఒకటి పడకుండా అడ్డంగా వేయించండి. ప్లేట్లు పడే రెండు వైపులా మందపాటి రబ్బరు పరచాలి. సముద్రపు గాలికి బార్ త్వరగా తుప్పుపడుతుంది, వారానికోసారి నైలాన్ బ్రష్‌తో సుద్దపొడి దులిపి, పలచగా మిషన్ ఆయిల్ రాసి తుడవండి.

ఇంకా డబ్బు మిగిలితే అద్దాలు, యంత్రాలు కొనకండి. అమ్మాయిల బార్ కొనండి: 15 కిలోలు, మందం 25 మి.మీ. మగవాళ్లది 20 కిలోలు, 28 మి.మీ. చిన్న చేతికి లావు బార్ ఇస్తే, నడుము బలం ఉన్నా పట్టు జారుతుంది.