పాకం ఒకసారి ఇసుక, ఒకసారి జిగురు: లాలీపాప్‌లు ఎందుకు చెడుతున్నాయంటే

మీ ప్రశ్న చదవగానే, బిళ్ళలు చెయ్యడం మొదలుపెట్టిన నా మొదటి ఏడాది గుర్తొచ్చిందండీ. పిల్లలకి లాలీపాప్‌లు ఇంట్లోనే చేద్దామని మూడుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లు పాకం గిన్నెలోనే పలుకులు కట్టి ఇసుకలా అయిపోయింది. మూడోసారి ఎవరో చెప్పారని నిమ్మకాయ మొత్తం పిండేశారు. గట్టిపడిందైతే పడింది గానీ, తెల్లారేసరికి జిగురెక్కి కాగితం ఊడి రాలేదు. ఇక థర్మామీటర్ కొంటే తప్ప కుదరదా అని అడుగుతున్నారు.

కొంటే మంచిదే. కానీ మీకు జరిగినవి చూస్తుంటే, మొదటి రెండూ గరిటె చేసిన పని, మూడోది నిమ్మకాయ చేసిన పని అనిపిస్తోంది. థర్మామీటర్ ఉన్నా అవి అలాగే చెడేవి. నేను ఈ మూడు తప్పులూ చేశాను, అదే వరసలో.

ముందు పాకం సంగతి. పంచదారని కరిగించి వేడి చేస్తున్నాం అనుకుంటాం కానీ, నిజానికి చేస్తున్నది నీళ్ళని తరిమెయ్యడం. నీళ్ళు తగ్గేకొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది. 115 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర పాకంలో నూటికి పదిహేను పాళ్ళ దాకా నీళ్ళు ఉంటాయి. 150 దగ్గరికి వచ్చేసరికి ఒక పాలు మిగిలితే ఎక్కువ. ఆ మిగిలిన నీళ్ళే బిళ్ళ మెత్తగా సాగుతుందా, టక్కున విరుగుతుందా అన్నది తేలుస్తాయి. అందుకే మొదట్లో నీళ్ళు అర కప్పు పోశారా, కప్పు పోశారా అని బెంగపడక్కర్లేదు. ఎక్కువ పోస్తే ఎక్కువసేపు నిలబడాలి, అంతే. ఇంకోటి, 100 నుంచి 110 దాకా పాకం నత్తనడక నడుస్తుంది. 'ఇదింక రాదులే' అని మీరు ఫోను చూసుకునే లోపల 140 దాటేస్తుంది. చివరి రెండు నిమిషాలు అక్కణ్ణుంచి కదలకండి.

ఇప్పుడు ఇసుక సంగతి. పంచదారకి మళ్ళీ పంచదారగా మారిపోవడమే ఇష్టం. గిన్నె అంచుకి అతుక్కున్న ఒక్క పలుకు పాకంలో పడినా చాలు, దాన్ని పట్టుకుని చుట్టుపక్కలదంతా గడ్డకడుతుంది. మరుగుతున్న పాకాన్ని గరిటెతో కలపడమంటే ఆ పలుకుల్ని మనమే పిలిచి పీట వెయ్యడం. కాబట్టి కలిపేదంతా పంచదార పూర్తిగా కరిగేవరకే, అదీ సన్నని సెగ మీద. మరుగు మొదలయ్యాక గరిటె ముట్టుకోవద్దు. మరుగు పట్టగానే రెండు మూడు నిమిషాలు మూత పెట్టండి. ఆవిరి కిందికి జారి అంచుల్ని అదే కడిగేస్తుంది. ఇంకా పలుకులు కనిపిస్తే తడి బ్రష్‌తో గిన్నె లోపలి గోడ తుడవండి. చేతులు ఊరుకోకపోతే గిన్నెని పట్టుకుని మెల్లిగా గుండ్రంగా ఊపండి. చెయ్యి కట్టేసుకుని నిలబడ్డం నాకు నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది, వంటింట్లో ఏదో ఒకటి కలుపుతూ ఉండకపోతే పని చేసినట్టే ఉండదు కదా.

ఇసుకైన పాకాన్ని మీరు పారబోశారని రాశారు. ఈసారి పారబొయ్యకండి. పావు కప్పు నీళ్ళు పోసి, మళ్ళీ సన్నని సెగ మీద కరగనిచ్చి, మొదట్నుంచీ మొదలుపెట్టండి. ఏమీ నష్టం లేదు.

గరిటె మానేసినా ఒక్కోసారి పలుకులు కడతాయి. అందుకే పాకంలో ఒక అడ్డు వేస్తారు. నేను వాడేది గ్లూకోజ్ సిరప్. అది ఉంటే పంచదార అణువులు వరసగా చేరడానికి వీలుండదు. అది దొరక్కపోతే తేనె కూడా అదే పని చేస్తుంది, కాకపోతే తొందరగా ఎర్రబడుతుంది, రుచి కూడా తేనెదే వస్తుంది. మూడో దారి పులుపు. నిమ్మరసంతో మరిగిస్తే పంచదారలో కొంత విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. అంటే అడ్డు వేసేదాన్ని పాకంలోనే తయారు చేసుకుంటున్నామన్నమాట. మీకు నిమ్మకాయ చెప్పినవాళ్ళు తప్పు చెప్పలేదు, కొలత చెప్పలేదు. రెండు కప్పుల పంచదారకి అర టీస్పూను చాలు. కాయంతా పిండితే విడిపోయేది మరీ ఎక్కువైపోతుంది. ఆ ఫ్రక్టోజ్ ఉందే, గాలిలో తడి ఎక్కడున్నా లాక్కుంటుంది. రాత్రికి గాజులా ఉన్న బిళ్ళ పొద్దున్నకి జిగురవడం అందుకే.

మా చిన్నవాడికి పుల్లటి బిళ్ళలంటే ప్రాణం. వాడి కోసం నేనూ ఒక కాయ మొత్తం పిండాను. పాతిక బిళ్ళలు చేసి డబ్బాలో పెడితే మర్నాటికి పాతికా కలిసి ఒకే ముద్ద. "అమ్మా, ఇది చాక్లెట్టా, బంకా?" అన్నాడు. డబ్బాతో సహా వేడినీళ్ళలో నానబెట్టాల్సి వచ్చింది. పులుపు కావాలంటే దించాక వెయ్యాలని నాకు తెలిసింది ఆ తర్వాతే. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) పొడి ఒక టీస్పూను, పొయ్యి మీంచి దించి బుడగలు అణిగాక కలపాలి. అప్పుడు పులుపు నాలుకకి తెలుస్తుంది, పంచదారని మాత్రం పాడు చెయ్యడానికి దానికి వ్యవధి ఉండదు.

థర్మామీటర్ లేకుండా చెయ్యొచ్చా? హాయిగా చెయ్యొచ్చు. ఒక గిన్నెలో బాగా చల్లటి నీళ్ళు పెట్టుకుని, అర చెంచా పాకం అందులో వదలండి. నీళ్ళలో వేళ్ళతో కూడగడితే మెత్తటి ఉండ అయి, బయటికి తీశాక చదునుగా జారిపోతే 112 నుంచి 116 మధ్య ఉన్నట్టు. ఉండ గట్టిగా నిలబడి, నొక్కితేనే అణిగితే 121 నుంచి 130. ఉండ కట్టకుండా దారాల్లా సాగి, వంచితే కాస్త వంగి అప్పుడు విరిగితే 132 నుంచి 143. నీళ్ళలో పడగానే చిటపటమని, తీసి విరిస్తే టక్కుమంటే 146 దాటింది. లాలీపాప్‌కి కావల్సింది ఆ టక్కే. పరీక్ష చేసే ప్రతిసారీ గిన్నె పొయ్యి మీంచి దించండి, లేకపోతే మీరు ఉండ చూసుకుంటుండగా పాకం ఇంకో మెట్టు ఎక్కేస్తుంది. 160 దాటితే రంగు తిరిగి కారమెల్ వాసన మొదలవుతుంది, ఆపైన చేదు.

నా థర్మామీటర్ కథ కూడా చెప్పాలి. కొన్నాక నాలుగు నెలలు నా బిళ్ళలన్నీ పళ్ళకి అతుక్కునేవి. సరిగ్గా 150 చూసి దించుతున్నాను, ఎందుకిలా అని జుట్టు పీక్కున్నాను. చివరికి ఒకరోజు మామూలు నీళ్ళు మరిగించి అందులో ముంచితే 104 చూపించింది! అంటే నేను 150 అనుకుంటున్నది నిజానికి 146. ఆ నాలుగు డిగ్రీల్లోనే అంతా ఉంది. ఇప్పుడు 154 దాకా పోనిస్తాను, అంతే. మీరు కొంటే మొదటిరోజే మరిగే నీళ్ళలో ముంచి చూడండి. సముద్రమట్టానికి దగ్గర్లో ఉంటే 100 చూపించాలి. ఎత్తైన ప్రాంతమైతే సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ తగ్గుతుంది, ఆ తగ్గినంతా పాకం లెక్కలోంచి కూడా తగ్గించుకోవాలి. ముల్లు గిన్నె అడుగుకి తగలకూడదు, తగిలితే అది చెప్పేది గిన్నె వేడి.

నేను చేసే కొలత: పంచదార 2 కప్పులు, గ్లూకోజ్ సిరప్ ముప్పావు కప్పుకి కాస్త తక్కువ, నీళ్ళు ముప్పావు కప్పు. అడుగు మందంగా ఉన్న గిన్నె. 150 రాగానే దించి, గిన్నె అడుగుని ఒక్క క్షణం చల్లటి నీళ్ళలో ఆనిస్తాను, లేకపోతే గిన్నె వేడికే ఇంకా ఉడుకుతూ పోతుంది. బుడగలు అణిగాక ఎసెన్సు, రంగు, నిమ్మ ఉప్పు. ఎసెన్సు ముందే వేస్తే వాసనంతా ఆవిరితో పోయి, ఇల్లంతా ఘుమఘుమ, బిళ్ళ మాత్రం చప్పన. నూనె రాసిన అచ్చుల్లో పోసి, పుల్ల పెట్టి, కదపకుండా వదిలెయ్యాలి.

ముసురు పట్టిన రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి. తప్పదంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ పోనిచ్చి, చల్లారిన వెంటనే ఒక్కొక్కటీ చుట్టేసి గాలి చొరని డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బయటికి తీయగానే చెమ్మ పట్టి మళ్ళీ మొదటికొస్తుంది.

టాఫీల గురించి కూడా అడిగారు. మెత్తగా సాగే కారమెల్‌కి నేను చెప్పిందంతా తిరగబడుతుంది, ఇక్కడ కలుపుతూనే ఉండాలి. ఎందుకంటే క్రీము, వెన్న అడుగంటుతాయి, పైగా ఆ కొవ్వూ గ్లూకోజూ కలిసి పలుకులు కట్టనివ్వవు కాబట్టి గరిటెకి భయపడక్కర్లేదు. 118 నుంచి 120 దగ్గర దించితే నమలడానికి హాయిగా ఉంటుంది. ఆ వేడికే గోధుమరంగు ఎలా వస్తుందంటారేమో, అది పంచదార మాడటం కాదు, పాలలోని ప్రొటీన్లు చక్కెరలతో కలిసి తెచ్చే రంగు. క్రీముని ముందు గోరువెచ్చగా చేసుకోండి, గిన్నె కూడా మీరు అనుకున్నదానికి రెండింతలు లోతుది తీసుకోండి. నేను ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీము నేరుగా పోశాను. నురగ లేచి పొయ్యి మీదికి పొంగింది. ఆ పొయ్యి కడిగిన సాయంత్రం ఇంకా గుర్తుంది.

ఫడ్జ్, అంటే నోట్లో కరిగే మెత్తటి పాల మిఠాయి, ఇంకో రకం. దానికి పలుకులు కావాలి, కాకపోతే నాలుకకి తెలియనంత సన్నవి. 115 దగ్గర దించి, ముట్టుకోకుండా 45 డిగ్రీల దాకా చల్లారనిచ్చి, అప్పుడు మెరుపు పోయేదాకా చెయ్యి నొప్పెట్టేలా గిలకొట్టాలి. వేడిమీద గిలకొడితే పలుకులు పెద్దవై గరగరలాడుతుంది. మా అక్కకి ఓపిక లేదు, అందుకే ఆవిడ ఫడ్జ్ ఎప్పుడూ గరగరే. అదే ఇష్టమంటుంది లెండి. వేరుశనగలూ బాదంపప్పులూ వేసే బ్రిటిల్‌కి (మన చిక్కీ లాంటిది) దించేముందు అర టీస్పూను వంటసోడా చల్లండి. లోపల గాలి బుడగలు నిండి, పన్ను ఊడేలా కాకుండా కరకరలాడుతుంది. జెల్లీల విషయంలో ఒక్కమాట: జెలటిన్‌తో పచ్చి అనాస, బొప్పాయి, కివీ కలిపితే గడ్డకట్టనే కట్టదు, వాటిలోని ఎంజైములు జెలటిన్‌ని ముక్కలు చేసేస్తాయి. ఆ పండ్లని ఉడికించి వెయ్యండి, లేదా అగర్ (సముద్రపు నాచు నుంచి తీసేది) వాడండి. శాకాహారులకి ఎలాగూ అగరే.

ఇక పిల్లలు పక్కనే నిలబడి చూస్తారని రాశారు. అది మాత్రం వద్దండీ. మరిగే నీళ్ళు పడితే జారిపోతాయి. పాకం జారదు, చర్మానికి అతుక్కుని అక్కడే ఉడికిస్తుంది, పైగా 150 డిగ్రీలు. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది, గరిటెకి అంటిన బొట్టుని అలవాటుగా వేలితో తుడిచాను. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, తడి గరిటె పెట్టకండి, పక్కన బేసిన్ నిండా నీళ్ళు ఉంచండి. కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టాలి. ఐసు, టూత్‌పేస్టు, వెన్న ఏవీ రాయొద్దు. పిల్లలకి కాలినా, పెద్దగా బొబ్బ లేచినా ఆసుపత్రికే. పిల్లల్ని పనిలో కలుపుకోవాలంటే చుట్టే పని ఇవ్వండి, కాగితం ఎంపిక కోసం కొట్టుకుంటారు, ఒక గంట గడిచిపోతుంది. నాలుగేళ్ళు నిండనివాళ్ళకి గట్టి బిళ్ళలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

నాలుగోసారికి ఒక కప్పు పంచదారతో, చిన్న గిన్నెలో చెయ్యండి. తక్కువ పాకం తొందరగా ఎక్కుతుంది కాబట్టి సెగ తగ్గించండి. గిన్నెకి అంటుకున్నది గోకకండి, నిండా నీళ్ళు పోసి మరిగిస్తే దానంతటదే కరిగిపోతుంది. చల్లటి నీళ్ళలో వేసిన బొట్టు టక్కుమందో లేదో, ఆ మర్నాడు కాగితం ఊడిందో లేదో రాయండి.