పై గదికి వైఫై అందాలంటే తీగ ఎక్కించాల్సిందే

రెండంతస్తుల ఇంట్లో కింద హాలులో రూటరు ఉందని, పై గదులకు వైఫై అందడం లేదని, ప్లాను పెంచుకోవాలా లేక రిపీటరు (సిగ్నలును అందుకుని మళ్ళీ ప్రసారం చేసే పెట్టె) కొనుక్కోవాలా అని అడిగారు. ఈ రెండు పనులూ నేను వరుసగా చేసి, రెండింటికీ డబ్బు తగలేసుకున్నవాణ్ణి కనుక నిస్సంకోచంగా చెబుతున్నాను: రెండూ వద్దు. పైకి ఒక తీగ లాగించండి.

మాది బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర 30×40 సైటులో కట్టిన ఇల్లు. వీధి స్తంభం నుంచి వచ్చిన ఫైబరు ముందు కిటికీ పక్కన ఎక్కడ లోపలికి దిగిందో, కనెక్షను ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడు అక్కడే పెట్టె బిగించి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. మరో ఐదు మీటర్లు లోపలికి, మెట్ల దగ్గరకు లాగమని అడగాలన్న జ్ఞానం ఆ రోజు నాకు లేదు. తక్కిన ఘనకార్యం ఇంటీరియర్ పనివారిది. నల్లటి పెట్టె, వేలాడే తీగలు హాలు అందాన్ని చెడగొడుతున్నాయని చెప్పి, రూటరును టీవీ యూనిట్ లోపలి అరలో, సరిగ్గా టీవీ వెనుక దాచారు. టీవీ వెనుక భాగమంతా లోహపు రేకే. దీపం వెలిగించి గంప కింద పెట్టినట్లయింది.

పై గదుల్లో ఒకటి మా నాన్నగారిది. ఉద్యోగ విరమణ తరువాత ఒంగోలు నుంచి మా దగ్గరకు వచ్చిన ఆయనకు సాయంత్రం ఆరున్నరకు టాబ్లెట్‌లో ప్రవచనం వినడం అలవాటు. ఆయన గదిలో శ్లోకం సగంలో ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉండేది. నాకు ఒకటి రెండు సార్లు చెప్పి చూసి, నేను రేపు మాపు అంటూ ఉండడంతో, ఆయనే టాబ్లెట్ పట్టుకుని ఇల్లంతా తిరిగి పరిశోధన చేసి, మెట్లలో తొమ్మిదో మెట్టు దాకా సిగ్నలు వస్తుందనీ పదో మెట్టు మీద తెగిపోతుందనీ తేల్చారు. ఆ రోజు నుంచి తొమ్మిదో మెట్టు మీద చిన్న తలగడ వేసుకుని, గోడకు చేరబడి అక్కడే వినడం మొదలుపెట్టారు. ఒకసారి మా అత్తగారి వైపు బంధువులు వచ్చి, పెద్దాయన మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉండడం చూసి, ఇంట్లో ఏదో గొడవ జరిగిందనుకుని కాఫీ తాగినంతసేపూ నాతో ముభావంగా ఉన్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయన నవ్వుతూ, “ఒరేయ్, నీ ఇంటర్నెట్టు కూడా నా మోకాళ్ళలాగే మెట్లెక్కలేకపోతోందిరా” అన్నారు.

ఆ మాటకు పౌరుషం వచ్చి నేను చేసిన మొదటి పని 100 ఎంబీపీఎస్ ప్లానును 200 చేయడం. హాలులో వేగం రెట్టింపయింది. నాన్నగారి గదిలో మునుపు ఆరు వచ్చేది, ఆ తరువాత కూడా ఆరే వచ్చింది. వంటింట్లో రెట్టింపు వండినంత మాత్రాన పై గదికి విస్తరి చేరదు కదా. సర్వీసు వారికి ఫోను చేసినప్పుడు మాత్రం, ప్లాను పెంచితే సమస్య తీరిపోతుందని చెప్పారు. వేగం కింద సరిగ్గానే ఉందని తరువాత వారే ఫిర్యాదును మూసేశారు.

అసలు దొంగ స్లాబు. ఇటుక గోడ ఒకటి అడ్డం వస్తే సిగ్నలు కొంత నష్టపోయి అవతలకు చేరుతుంది. స్లాబు అలా కాదు. ఐదారు అంగుళాల కాంక్రీటు, దాని లోపల అడ్డంగా నిలువుగా అల్లిన ఇనుప చువ్వల వల, దాని మీద సిమెంటు పొర, టైల్సు. రూటరు నుంచి నాన్నగారి గదికి దారి ఏటవాలు కాబట్టి అంత మందాన్నీ ఇంకా ఎక్కువ దూరం దాటాలి. చివరికి గదిలో ఇనుప బీరువా ఒకటి స్వాగతం పలుకుతుంది. వేగం ఎక్కువ మోసే 5 గిగాహెర్ట్జ్ సిగ్నలు ఇలాంటి అడ్డంకుల దగ్గర త్వరగా చతికిలబడుతుంది. రూటరు పంపే రెండో రకం, 2.4 గిగాహెర్ట్జ్, కొంత మెరుగుగా దూరుతుంది గాని, అందులో ఒకదానితో ఒకటి రాసుకోని చానళ్ళు 1, 6, 11 అని మూడే. మా పై కిటికీ దగ్గర నిలబడితే ఇరవైకి పైగా పొరుగు వైఫై పేర్లు కనిపిస్తాయి, అందరూ ఆ మూడింటిలోనే కొట్టుకోవాలి. ఫోనులో ఉచిత యాప్ వేసి సిగ్నలు బలం కొలిస్తే తొమ్మిదో మెట్టు మీద మైనస్ 70 డీబీఎం (సున్నాకు ఎంత దూరమైతే అంత బలహీనం), నాన్నగారి మంచం దగ్గర మైనస్ 84 వచ్చింది. పద్నాలుగంకెల తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఈ లెక్కలో పది తగ్గితే బలం పదోవంతుకు పడిపోతుంది; పద్నాలుగు తగ్గిందంటే మంచం దగ్గరకు చేరినది మెట్టు మీది బలంలో ఇంచుమించు ఇరవై అయిదో వంతు మాత్రమే.

రెండో తప్పు రిపీటరు. అందరూ చేసే పొరపాటే నేనూ చేసి, సిగ్నలు లేని గదిలోనే దాన్ని గుచ్చాను. టాబ్లెట్‌లో గీతలన్నీ నిండిపోయాయి, నాన్నగారు ఆశీర్వదించారు, ప్రవచనం మాత్రం మళ్ళీ ఆగింది. ఆ నిండు గీతలు టాబ్లెట్‌కూ రిపీటరుకూ మధ్య ఉన్న చుట్టరికాన్ని చూపుతాయే తప్ప, రిపీటరుకు కింద నుంచి ఎంత చేరుతోందో చెప్పవు. పైగా వినడానికీ తిరిగి చెప్పడానికీ ఒకే రేడియో వాడే చవక రిపీటరులో వేగం సగానికి సగం అక్కడే హరించుకుపోతుంది. మెట్ల మలుపులో పెడితే కాస్త మెరుగు, కాని మా ఇంటి మెట్ల మలుపులో ప్లగ్గు పాయింటు లేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీగ మెట్ల మీదుగా వేస్తే పెద్దాయన కాలికి తగులుతుందని మా ఆవిడ ఆ సాయంత్రమే పీకి పారేసింది.

ఖర్చు లేని పనులు కూడా చేసి చూశాను, మీరూ ముందు అవి చేయండి. రూటరును అరలో నుంచి బయటకు తీసి ఎత్తు మీద పెట్టడం వల్ల ఆరు పదకొండయింది. యాంటెన్నా నిటారుగా ఉంటే సిగ్నలు చుట్టుపక్కలకు ఎక్కువగా, పైకి తక్కువగా పరుచుకుంటుంది కనుక ఒకదాన్ని అడ్డంగా వంచితే ఇంకో రెండు మూడు కలిశాయి. అంతటితో సరి.

చివరికి దారి చూపింది మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఎలక్ట్రీషియను. డాబా మీది డిష్ తీగ నాన్నగారి గది మీదుగా హాలులోని టీవీ పాయింటుకు గోడలో ఉన్న పైపులో దిగి ఉంది. ఇప్పుడు టీవీ కూడా ఇంటర్నెట్‌తోనే నడుస్తున్నందున అది చచ్చిన తీగ. “కొత్త పైపు ఎందుకన్నా, దీని తోకకే కట్టి లాగుదాం” అన్నాడు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి. రోడ్డు నుంచి క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగ ఇరవై మీటర్లు తెచ్చాను. (అక్కడ రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవకగా అంటగడతారు, లోపలి పోగును బ్లేడుతో గీకితే తెల్లగా మెరుస్తుంది, అది వద్దనండి.) పాత తీగ కొసకు కొత్త తీగను టేపుతో చుట్టి, అతను పై నుంచి లాగుతుంటే నేను కింద నుంచి అందించాను. మొదటి వంపులోనే బిగుసుకుపోయింది. మా అమ్మగారి పౌడరు డబ్బా అడిగి తీసుకుని, పైపు నోట్లో సగం ఒంపి, తీగకు కూడా పట్టించాక సుతారంగా జారింది. కరెంటు తీగలున్న పైపులో మాత్రం ఈ నెట్‌వర్క్ తీగను ఎప్పుడూ వేయించకండి, ప్రమాదం.

అటకెక్కిన పాత రూటరును పైన పెట్టి, దాని చిరునామాను 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని, అది కింది రూటరే చేస్తుంది) ఆపేసి, తీగను బయటి ఇంటర్నెట్‌కు ఉద్దేశించిన వాన్ గుంటలో కాక ఇంటి పరికరాలకు ఉద్దేశించిన లాన్ గుంటలో గుచ్చి, కింది రూటరు పేరూ పాస్‌వర్డూ దీనికీ పెట్టాను. వేగం 94 వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించినా నాకు నిద్ర పట్టలేదు. 200 ప్లానులో కచ్చితంగా 94 దగ్గర ఆగిందంటే తీగ ఎక్కడో గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కాక 100 ఎంబీపీఎస్ లింకుకే కలిసిందన్నమాట. ఆ వేగానికి తీగ లోపలి నారింజ, ఆకుపచ్చ జంటల నాలుగు పోగులే చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ తగలాలి. కొసను వెలుతురులో పెట్టి చూస్తే గోధుమరంగు పోగు ఒకటి కనెక్టరు చివరి దాకా చేరలేదు. కొస కత్తిరించి కనెక్టరును మళ్ళీ క్రింప్ చేయించాక (నొక్కి బిగించాక) 190 దాటింది. మీ పాత రూటరుకు గిగాబిట్ పోర్టులు లేకపోతే 94తోనే తృప్తి పడవలసి ఉంటుంది, ప్రవచనానికి అదీ ఎక్కువే.

మెష్ (ఇంట్లో అక్కడక్కడ పెట్టే, ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెల జట్టు) కొనమని ఎవరైనా చెబుతారు. తీగతో కలిపితే అది మంచిదే, తీగ లేకపోతే దానికీ అదే స్లాబు అడ్డం. బెంగళూరులో డెబ్బై ఎనభై లక్షలు పెట్టి ఇల్లు కట్టేవారు కూడా గదికో ఏసీ పాయింటు, మంచం పక్కన రెండేసి స్విచ్చులు వేయించుకుంటారు గాని, గోడలు తెరిచి ఉన్నప్పుడు పైకి ఒక ఖాళీ పైపు వేయమని మేస్త్రీకి చెప్పరు. మీది అద్దె ఇల్లయి, గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు ఉంటే, చదునుగా ఉండే నెట్‌వర్క్ తీగ దొరుకుతుంది, దాన్ని మెట్ల పక్క స్కర్టింగ్ వెంట అంటించుకోవచ్చు. సొంతిల్లయితే మాత్రం, ఏదీ కొనకముందే హాలులోని టీవీ పాయింటు ప్లేటుకున్న రెండు స్క్రూలు విప్పి, పాత తీగను కొంచెం లాగి చూడండి. పైనున్న వారికి కదలిక కనిపిస్తే మీ పని సగం అయినట్లే.