కరెంటు పోతే డాబా మీది సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది?

మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించినా మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను తిరగడం లేదు, మోసపోయామా అని అడిగారు. మోసం కాదండీ. అమ్మేటప్పుడు చెప్పవలసిన మాట చెప్పలేదు, అంతే.

మాకూ ఇదే అనుభవం. ఖమ్మంలో మా డాబా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు ఉన్నాయి. బిగించిన నెలలోపే, మే నెలలో గాలిదుమారానికి కరెంటు పోయింది. గాలి తగ్గి ఎండ మళ్లీ మాడ్చేస్తోంది, ఫ్యాన్లు మాత్రం కదలవు. మామగారు ఒకసారి పైకప్పు వైపు, ఒకసారి నా వైపు చూశారు. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటేనే బాగుండేది.

మీదీ మాదీ ఆన్‌గ్రిడ్ రకం, అంటే వీధి కరెంటు లైనుకు (గ్రిడ్‌కు) కలిపినది. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే దీని ఇన్వర్టర్ వీధి లైనులోని 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ల తాళానికి అడుగు వేస్తుంది. తాళం ఆగితే తానూ ఆగుతుంది. ఆగకపోతే మన ఇంటి కరెంటు వీధి తీగల్లోకి ఎదురు వెళ్లి, లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం తీస్తుంది. సరఫరా తిరిగి వచ్చాక కూడా వెంటనే మొదలుపెట్టదు. కాసేపు లైను నిలకడగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు టక్కుమని లోపలి స్విచ్ (రిలే) కలుపుతుంది. పాత జనరేటర్ కలిపి ఈ సోలార్ ఇన్వర్టర్‌ను ఏమారుద్దామని ఒక ఎలక్ట్రీషియన్ మాకు సలహా ఇచ్చాడు. అలాంటి వాళ్లను గేటు దగ్గరే ఆపండి.

అలాగని బ్యాటరీలు కొని వీధి లైనుతో సంబంధమే లేని ఆఫ్‌గ్రిడ్‌కు పూర్తిగా మారిపోకండి. మంచి ఎండ రోజున మూడు కిలోవాట్లకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. వాడగా మిగిలింది, ఇచ్చిందీ తెచ్చుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్ ద్వారా లైనులోకి పోతుంది, రాత్రి అటు నుంచే తెచ్చుకుంటాం. ఆ 12 యూనిట్లనూ దాచాలంటే బ్యాటరీల ఖర్చు ప్యానెళ్లను మించిపోతుంది. పైగా కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే రూ.78,000 రాయితీ గ్రిడ్‌కు కలిపిన వాటికే.

మేం చేసింది చిన్న పనే. అటక ఎక్కించిన పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ను, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని కిందికి దించి, రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, వైఫై పెట్టెకు విడిగా వైరింగ్ చేయించాం. 12 వోల్టుల లెక్కన అందులో 1,800 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 900 అనుకోండి. 75 వాట్ల పాత ఫ్యాన్లతో నాలుగు గంటలు వచ్చేది. తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్లు బిగించాక అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు సేపు నడుస్తోంది. బ్యాటరీ కొత్తది కొనే ముందు ఫ్యాన్లు మార్చండి.

మీ ఊళ్లో రోజూ మూడు నాలుగు గంటలు పోతుంటే, ఏసీ కూడా నడవాలంటే, అప్పుడు లైనుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ వైపు చూడవచ్చు. టన్నున్నర ఏసీకి 5 యూనిట్ల బ్యాటరీ రాత్రిపూట మూడు గంటలు వస్తే గొప్ప. బిగించిన వాళ్లు వెళ్లే లోపు మెయిన్ స్విచ్ ఆఫ్ చేయించి, ఏవి వెలుగుతాయో అక్కడే చూసుకోండి. నేను అలా చూసుకోలేదు. అందుకే ఆ మధ్యాహ్నం మామగారి పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను.