సున్నపు నీళ్లలో ఉడికించిన మక్కపిండితో చిప్స్ చేస్తే కేసవుతుందా?

ప్రశ్న: సార్, మాది హన్మకొండ. రెండేళ్లుగా ఇంటి దగ్గరే మక్కజొన్న చిప్స్ చేసి, ప్యాకెట్లు కట్టి నాలుగైదు కిరాణా షాపులకు వేస్తున్నాను. ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉంది. మెక్సికో పద్ధతి అని వీడియోలు చూసి నేర్చుకున్నాను. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి ఆరబెట్టి గిర్నిలో పట్టిస్తాను, ఆ పిండిని మాసా అంటారట. పోయిన వారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ మా ఇంటికొచ్చి శాంపిల్ తీసుకున్నారు. సున్నం వేసిన పిండి అంటే కల్తీయే, జైలుకు పోతావని ఒక షాపాయన భయపెడుతున్నాడు. ప్యాకెట్ మీద 'కార్న్ ఫ్లోర్, గ్లూటెన్ ఫ్రీ, షుగర్ ఉన్నవాళ్లకు మంచిది' అని వేయించాను. అమెరికాలో ఈ పిండిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి చేశారని, నన్నూ కలపమని డాలస్‌లో ఉన్న మా ఆడబిడ్డ అంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ షాపాయన మాట పక్కన పెట్టండమ్మా. సున్నపు నీళ్లలో మక్కలు ఉడికించడం కల్తీ కాదు, మెక్సికోలో వేల ఏళ్లుగా రొట్టెల పిండి అలాగే చేసుకుంటున్నారు. అందులో ఒక మేలు కూడా ఉంది. మక్కల్లో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా అది ఒంటికి పట్టని రూపంలో బిగుసుకుని ఉంటుంది, సున్నం దాన్ని విడదీస్తుంది. యూరప్ వాళ్లు మక్కలను తెచ్చుకున్నారు గానీ ఈ సున్నం సంగతి తెచ్చుకోలేదు, దాంతో మక్కల మీదే బతికిన ఇటలీ, స్పెయిన్ పేదల్లో పెల్లగ్రా వచ్చింది, చర్మం పగిలి చివరికి మతి చెడే జబ్బు అది. కాబట్టి పద్ధతిని తప్పు పట్టడానికి లేదు.

అయితే మీరు సున్నం ఎక్కడ కొన్నారో రాయలేదు. నా భయం అక్కడే. గోడలకు వేసే సున్నం, పాన్ డబ్బాలో దొరికే సున్నం ఇందుకు పనికిరావు. వాటిలో సీసం లాంటివి ఎంత ఉన్నాయో ఎవరూ పరీక్షించి అమ్మరు. ఆహారంలో వాడే కాల్షియం హైడ్రాక్సైడ్ వేరుగా దొరుకుతుంది, దాని సంఖ్య ఐఎన్ఎస్ 526. సంచి మీద ఫుడ్ గ్రేడ్ అని, తయారీదారు లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి, బిల్లు మీ పేరున ఉండాలి. ఆ బిల్లు కాగితాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆహార భద్రత చట్టం 2006లో సెక్షన్ 26(4) ప్రకారం అమ్మినవాడిచ్చిన బిల్లే సరుకు నాణ్యతకు రాతపూర్వక గ్యారంటీ కింద లెక్క. రేపు తేడా వస్తే ఇదిగో నేను ఫలానా వాడి దగ్గర కొన్నాను అని చూపించడానికి మీకుండేది అదే. తెలిసినాయన దగ్గర చేతికి పొట్లం కట్టించుకుని తెచ్చి ఉంటే మాత్రం ఈ రోజే మానేయండి.

మక్కలకూ ఇదే మాట. ఎనుమాముల మార్కెట్లో వానాకాలం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తడిసిన రాశి మీద టార్పాలిన్ కప్పి, ఎండ రాగానే తిరగేసి, రంగు తేరుకున్నాక తూకం వేస్తారు. రంగు తేరినా బూజు విషం పోదు. దాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు, తృణధాన్యాల్లో అది మొత్తం మీద కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశంలో పరిమితి. సున్నపు నీళ్లు దాన్ని కొంత తగ్గిస్తాయి, పూర్తిగా తీసేస్తాయని నమ్మి బూజు మక్కలు చవగ్గా కొన్నారో, శాంపిల్ రిపోర్టులో 'అన్‌సేఫ్' అని వస్తుంది, అప్పుడు సెక్షన్ 59, క్రిమినల్ కోర్టు, జైలు శిక్ష కూడా. షాపాయన చెప్పిన జైలు ఉంటే గింటే అక్కడుంది, సున్నంలో లేదు.

ఇక లేబుల్. సారీ గానీ, ఇది మీరే చేతులారా తెచ్చుకున్నది. ఒక్కో మాటే చూద్దాం.

కార్న్ ఫ్లోర్ అంటే మన దగ్గర కిరాణా షాపులో ఏమిస్తారు? మంచూరియాకు, సూపు చిక్కబడటానికి వాడే తెల్లటి మెత్తటి పొడి. అది మక్కల నుంచి తీసిన స్టార్చ్, మీది పూర్తి గింజ పిండి. రెండూ ఒకటి కావు, ఆ పేరు వేస్తే సరుకు ఒకటి, పేరు ఇంకొకటి అవుతుంది. 'మొక్కజొన్న పిండి (సున్నపు నీటిలో ఉడికించిన గింజలతో చేసినది)' అని వేయండి, పదార్థాల పట్టికలో ఎక్కువ బరువున్నది ముందు, తర్వాత నూనె, ఉప్పు అలా దిగుతూ రావాలి. నూనె ఏదో పేరు పెట్టి రాయండి, ఊరికే నూనె అంటే కుదరదు.

గ్లూటెన్ ఫ్రీ మాట నిజమేనని మీరనుకుంటున్నారు, మక్కల్లో గోధుమల గ్లూటెన్ ఉండదు కాబట్టి. కానీ మీరు పట్టించేది గిర్నిలో. మీ ముందున్నాయన గోధుమలు పట్టించుకుని పోతాడు, వెంటనే మీ మక్కలు పోస్తారు, మొదటి దోసెడు పిండి ఎంత తెల్లగా వస్తుందో ఒకసారి నిలబడి చూడండి. ఆ తెలుపంతా గోధుమ. గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, అది ల్యాబ్ చెప్పాల్సిన మాట. గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బున్న పిల్లాడు మీ ప్యాకెట్ నమ్మి తింటే ఆ తల్లి మీ మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 2019 చట్టం కింద ఆమె ఉన్న జిల్లాలోనే వేయొచ్చు, కరీంనగర్ వాళ్లయితే మీరు కరీంనగర్ తిరగాలి. సొంతంగా చిన్న చక్కీ పెట్టుకుని టెస్టు చేయించేదాకా ఆ మాట తీసేయండి. గోధుమ అంశాలు కలిసే అవకాశం ఉందని వేయడం ఇంకా మంచిది.

'షుగర్ ఉన్నవాళ్లకు మంచిది' అన్నది ఎవరు చెప్పారమ్మా? నూనెలో వేయించిన చిప్స్! అది కొట్టేయండి, దాని గురించి ఇంకో వాక్యం రాయను.

తప్పు లేబుల్‌ను చట్టం 'మిస్‌బ్రాండెడ్' అంటుంది. సెక్షన్ 52 కింద 3 లక్షల దాకా పెనాల్టీ. జైలు లేదు. ఆ విచారణ చేసేది కోర్టు కాదు, అడ్జుడికేటింగ్ ఆఫీసర్, అంటే అదనపు కలెక్టర్ స్థాయి అధికారి. 3 లక్షలనగానే గుండె పట్టుకోకండి, అది పై హద్దు. ఎంత లాభం తీసుకున్నారు, ఎవరికైనా నష్టం జరిగిందా, పదేపదే చేశారా, తెలిసే చేశారా అన్నవి చూసి మొత్తం తేల్చాలని సెక్షన్ 49 చెబుతుంది. అందుకే లేబుల్ ఇప్పుడే మార్చి, షాపుల్లో ఉన్న పాత ప్యాకెట్లు వెనక్కి తెప్పించి, ఎన్ని వచ్చాయో ఒక కాగితం మీద షాపువాళ్ల సంతకాలతో పెట్టుకోండి. విచారణలో అది మీకు పనికొస్తుంది. మీలాంటి చిన్న తయారీదారుల విషయంలో సొమ్ము కట్టించుకుని కేసు ముగించే వీలు సెక్షన్ 69లో ఉంది, అవసరమైతే అదీ అడగొచ్చు.

మీ ఆడబిడ్డ మాటకొస్తే, సగం నిజం. అమెరికాలో గోధుమపిండి లాంటి వాటిలో ఫోలిక్ యాసిడ్ 1998 నుంచే తప్పనిసరి, గర్భంలో బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడటానికి అది కావాలి కాబట్టి. మాసా పిండిని అప్పుడు వదిలేశారు. రోజూ అదే తినే లాటినో కుటుంబాలకు ఆ మేలు అందలేదు, వాళ్ల పిల్లల్లో ఆ లోపం ఎక్కువగా కనిపించింది. 2016 ఏప్రిల్‌లో కలుపుకోవచ్చని అనుమతి ఇచ్చారు, పౌండు పిండికి 0.7 మిల్లీగ్రాముల దాకా. అది అనుమతి, ఆదేశం కాదు. కాలిఫోర్నియా మాత్రం 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. ఆ చట్టం హన్మకొండలో మీ చిప్స్‌కు వర్తించదు. మెడికల్ షాపులో మాత్రలు కొని పొడి చేసి కలిపే ఆలోచన ఉంటే అది అక్కడితో ఆపేయండి, ఒక ప్యాకెట్లో ఏమీ ఉండదు, ఇంకో ప్యాకెట్లో ఎక్కువ పడుతుంది. మన దగ్గర ఫోర్టిఫైడ్, అంటే విటమిన్లు కలిపినది అని చెప్పుకోవడానికి 2018 నాటి నిబంధనలు, ప్లస్ ఎఫ్ గుర్తు వేరే ఉన్నాయి.

చివరగా ఆ శాంపిల్ సంగతి. తీసుకున్నప్పుడు నాలుగు భాగాలు చేసి సీలు వేశారా, మీకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చారా, సరుకు ధర చెల్లించారా, ఎవరు సాక్షి సంతకం పెట్టారు, ఇవన్నీ గుర్తున్నప్పుడే ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. నాలుగింటిలో ఒకటి ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్ట్‌కు పోతుంది, రెండు డెసిగ్నేటెడ్ ఆఫీసర్, అంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు పై అధికారి దగ్గర ఉంటాయి, ఇంకోటి మీరు అడిగితే గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపాలి. మీరు అడిగి ఉండరు, చాలామందికి తెలియదు. ఫర్వాలేదు, రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లోపు డెసిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర అప్పీలు వేసి, దాచి ఉంచిన భాగాన్ని రెఫరల్ ల్యాబ్‌కు, అంటే మళ్లీ పరీక్షించే పై ల్యాబ్‌కు పంపమని అడగొచ్చు. కాబట్టి రిపోర్టు కవరు వచ్చిన రోజే ఆ కవరు మీద తేదీ రాసి, దాన్ని చింపి పారేయకుండా రిపోర్టుతోపాటు నా దగ్గరకు పట్టుకురండి.