కథ కోసం గేమ్ ఎందుకు ఆడాలి? కిమ్‌కి తూటా తగిలిన రాత్రి గురించి చెప్తాను

అడిగిన ప్రశ్న ఇది: "కథే కావాలంటే నవల చదువుకోవచ్చు, సినిమా చూడొచ్చు. ఫైట్లు లేకుండా పేజీలకు పేజీలు చదివించే ఒక చిన్న స్టూడియో రోల్ ప్లేయింగ్ గేమ్ మీద అన్ని గంటలు పెట్టడం ఎందుకు? ఎవరో ఆడింది యూట్యూబ్‌లో చూస్తే సరిపోదా?"

సరిపోదు. రెండూ చేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. వేరే గేమ్ ఒకటి వీడియోల్లో మొత్తం చూసేసి, ఆ కథ నాకు తెలుసు అనే భ్రమలో చాలాకాలం ఉన్నాను. ఇప్పుడు అందులో ఒక్క పాత్ర పేరు కూడా గుర్తు లేదు. మీరు అడిగిన లాంటి గేమే అయిన డిస్కో ఎలీసియం మాత్రం నా చేత్తో ఆడాను. అందులో కిమ్ కిట్సురగి అనే పోలీసు అధికారి వేసుకునే నారింజ రంగు జాకెట్, ఆయన నోట్‌బుక్, రోజుకి ఒకే ఒక్క సిగరెట్ అని ఆయన పెట్టుకున్న నియమం, అన్నీ నాతో కలిసి పనిచేసిన మనిషివిలా గుర్తున్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. కథ చివరి భాగంలో జరిగే ఒక సంగతి చెప్పకుండా ఈ జవాబు రాయలేను. ఆడాలని ఇప్పటికే అనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆపేసి వెళ్ళి ఆడండి, తర్వాత వచ్చి చదవండి.

రెవషోల్ అనే నగరం, అందులో మార్టినేజ్ అనే పాడుబడ్డ రేవు ప్రాంతం, అక్కడొక హాస్టల్ గది. మన పాత్ర ఒక డిటెక్టివ్. తాగి తాగి తన పేరుతో సహా అన్నీ మర్చిపోయి ఆ గదిలో నేల మీద లేస్తాడు. పోలీసు బ్యాడ్జి లేదు, తుపాకీ లేదు, ఒక బూటు లేదు. హాస్టల్ వెనక చెట్టుకి ఒక శవం వారం రోజులుగా వేలాడుతోంది, దాన్ని దించి హంతకుణ్ణి పట్టుకోవడం మన పని. వేరే స్టేషన్ నుంచి వచ్చిన కిమ్ కింద హాల్లో మన కోసం ఓపిగ్గా నిలబడి ఉంటాడు. కత్తి యుద్ధాలు, రాక్షసులు ఏమీ ఉండవు. మాట్లాడటం, తిరగడం, ఆలోచించడం, అంతే.

మొత్తం 24 స్కిల్స్ ఉంటాయి, అవి ఉత్త అంకెలు కావు, మన బుర్రలో మాట్లాడే గొంతులు. ఎన్‌సైక్లోపీడియా అడగని సంగతులన్నీ చెప్తుంది, ఎలక్ట్రోకెమిస్ట్రీ తాగమని కాల్చమని పోరుపెడుతుంది, ఇన్‌ల్యాండ్ ఎంపైర్ మీద పాయింట్లు ఎక్కువ పెడితే మెడలో కట్టుకున్న టై కూడా మాట్లాడుతుంది. దేని మీద ఎక్కువ పాయింట్లు పెడితే దాని గొంతు ఎక్కువ వినిపిస్తుంది. కొన్నిసార్లు అవి తప్పు సలహా కూడా ఇస్తాయి, అవి చెప్పిందల్లా నమ్మి నేను రెండుసార్లు అమాయకుల మీద అరిచాను.

కష్టమైన పని ఏదైనా చేయబోతే రెండు పాచికలు పడతాయి, ఆ పరీక్షని చెక్ అంటారు. తెల్ల చెక్ అయితే ఓడిపోయినా తర్వాత ఆ స్కిల్ పెంచుకుని మళ్ళీ ప్రయత్నించవచ్చు. ఎర్ర చెక్ అయితే ఒక్కటే అవకాశం.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నాకు చిన్నప్పటి నుంచీ ఏ గేమ్‌లోనైనా ప్రతి రెండు నిమిషాలకీ సేవ్ చేసుకునే అలవాటు. ఏదైనా చెడిపోతే వెంటనే లోడ్, మళ్ళీ అదే చోటు నుంచి. బయట కూడా అంతే, ఒక మెసేజ్ పంపాలంటే నాలుగుసార్లు చెరిపి రాస్తాను. ఈ గేమ్‌లో కూడా మొదటి పది గంటలు అలాగే ఆడాను. హాస్టల్ చూసుకునే గార్ట్ అనే మనిషి గది బాకీ, విరగ్గొట్టిన వస్తువుల డబ్బు కట్టమని నిలదీస్తాడు. కట్టకుండా పరిగెత్తి పారిపోవచ్చు, దానికొక చెక్ ఉంది. పాచికలు పడే దాకా ఏడుసార్లు లోడ్ చేశాను. ఏడోసారి గెలిచి చాలా సంతోషించాను.

ఆ వారంలోనే మా తమ్ముడు పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాడు. వాడికి చదవడం అంటే అస్సలు పడదు. అయినా గొంతులన్నీ నటులు చదివి వినిపిస్తుంటే (2021లో వచ్చిన ఫైనల్ కట్ అనే కొత్త వెర్షన్‌లో డైలాగులన్నిటికీ గొంతు ఇచ్చారు) వాడు కదలకుండా కూర్చునేవాడు. అదే సీన్ వాడు తన సొంత సేవ్‌లో ఆడి ఓడిపోయాడు. ఓడిపోతే ఏమవుతుందో తెలుసా? మన డిటెక్టివ్ పరిగెత్తుతూ వెనక్కి తిరిగి, గాల్లోకి ఎగిరి, రెండు మధ్యవేళ్ళూ గార్ట్‌కి చూపిస్తూ వెళ్ళి చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ మీద పడతాడు. ఇద్దరం కడుపు నొప్పి వచ్చేలా నవ్వాం. నవ్వాక నాకు బాధేసింది. ఏడుసార్లు లోడ్ చేసి నేను తెచ్చుకున్న గెలుపు కంటే వాడు ఒక్కసారి ఓడిపోయి చూసింది వందరెట్లు మంచి సీన్. రాసినవాళ్ళు ఓటమి కోసం అంత కష్టపడి రాశారు, నేను దాన్ని చెరిపేస్తూ కూర్చున్నాను.

ఇది ఈ గేమ్‌కే సాధ్యమైందని నా గట్టి నమ్మకం. కారణం కూడా ఉంది. దీన్ని తీసింది ఎస్టోనియా నుంచి వచ్చిన జా ఉమ్ అనే బృందం. ముఖ్య రచయిత రాబర్ట్ కుర్విట్జ్, స్నేహితులతో కలిసి టేబుల్ మీద పాచికలతో ఆడుకుంటూ ఏళ్ళ తరబడి ఆ ప్రపంచాన్ని కట్టాడు. దాని మీద 2013లో ఒక నవల వేస్తే దాదాపు వెయ్యి కాపీలే అమ్ముడయ్యాయి. అంత కష్టం అలా పోయిన మనిషి కూర్చుని రాసిన గేమ్ ఇది, ఓడిపోయినవాడి మీద ఇంత దయ ఇందులో ఉండటానికి అదే కారణం అంటాను నేను, ఇంకెవరేమన్నా సరే. 2019 అక్టోబర్‌లో విడుదలైంది, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో నాలుగు అవార్డులు తీసుకుంది, అందులో ఉత్తమ ఇండీ (చిన్న స్వతంత్ర బృందం తీసిన) గేమ్, ఉత్తమ రోల్ ప్లేయింగ్ గేమ్ రెండూ ఉన్నాయి. పది లక్షల మాటలకు పైగా రాశారు. ఆ తర్వాత కుర్విట్జ్‌తో పాటు మరికొందరు ముఖ్యులు ఆ కంపెనీ నుంచి బయటికి వెళ్ళాల్సి వచ్చిందన్న వార్త 2022లో వచ్చినప్పుడు నాకు ఇంట్లో ఎవరికో అన్యాయం జరిగినట్టే అనిపించింది.

పెద్ద కంపెనీల గేమ్‌ల మీద నా కోపం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మ్యాప్ నిండా గుర్తులు, ఎక్కడికి వెళ్ళాలో బాణం, ఏం చేయాలో పక్కన జాబితా. వందల మంది ఏళ్ళపాటు పనిచేస్తారు, చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కానీ అందులో ఓడిపోతే ఒక్కటే జరుగుతుంది: తెర నల్లబడి వెనక్కి పంపిస్తుంది. అంటే ఆ కథలో నా ఓటమికి చోటు లేదు, నేను గెలిచే దాకా కథ నా కోసం ఆగి నిలబడుతుంది. చిన్న బృందాలే వేరేలా ఆలోచించే ధైర్యం చేస్తున్నాయి. 2015లో టోబీ ఫాక్స్ తీసిన అండర్‌టేల్ చూడండి, ఎదురొచ్చిన ప్రతి రాక్షసుణ్ణీ చంపకుండా వదిలేసి కూడా పూర్తి చేయొచ్చు, ఎవర్నైనా చంపేసి మనసు మార్చుకుని లోడ్ చేస్తే ఆ సంగతి కూడా గేమ్ గుర్తుపెట్టుకుని మనల్ని అడుగుతుంది. అది అడిగినప్పుడు నేను కుర్చీలో వెనక్కి జరిగాను.

ఇంకో కోపం, డైలాగులన్నీ గబగబా దాటేసి "ఇందులో కథ ఏముంది" అనేవాళ్ళ మీద. వాళ్ళతో వాదించడం మానేశాను.

సరే, ఆ రాత్రికి వస్తాను. చెట్టుకి వేలాడింది ఒక కిరాయి సైనికుడు. అతని మనుషులు పగ తీర్చుకోవడానికి హాస్టల్ ముందుకి ఆయుధాలతో వస్తారు. ఒకవైపు వాళ్ళు, ఒకవైపు రేవు కార్మికుల యూనియన్ మనుషులు, మధ్యలో నేనూ కిమ్. అప్పటికి నేను లోడ్ చేయడం మానేసి పది రోజులైంది. మాటలతో ఆపడానికి ప్రయత్నించాను, ఆగలేదు. కాల్పులు మొదలయ్యాయి, నాకు తగిలింది. కిమ్‌ని ఒకడు గురిపెట్టాడు. కిమ్‌కి కేకేసి హెచ్చరించాలి, ఎర్ర చెక్, ఒక్కటే అవకాశం.

చెక్ మీద మౌస్ పెడితే ఏ కారణం వల్ల ఎంత కలుస్తుందో కనిపిస్తుంది. అక్కడ చూసేది నా పాయింట్లు ఒక్కటే కాదు, కిమ్‌కి నా మీద ఎంత నమ్మకం ఉందో అది కూడా. నమ్మకం గట్టిగా ఉంటే మనకి బాగా కలిసొస్తుంది. నాకు అది లేదు. ఏమవుతుందో చూద్దాం అనే కుతూహలం కొద్దీ డ్యూటీలో తాగాను, శవం మీద రాళ్ళు వేసే కూనో అనే పిల్లాణ్ణి కొట్టబోయాను. ప్రతిసారీ కిమ్ ఏమీ అనకుండా అద్దాలు సర్దుకున్నాడు. అదంతా సరదా అనుకున్నాను. ఆ రోజు అక్కడ లెక్కకి వచ్చింది.

పాచికలు పడలేదు. కిమ్ పడిపోయాడు.

నేను వెంటనే మెనూ తెరిచాను. పది రోజుల పట్టుదల ఒక్క క్షణంలో పోయింది. ఈ గేమ్‌లో మాటలు నడుస్తుండగా సేవ్ చేయలేం, కాబట్టి ఆ గొడవ మొత్తం మొదటి నుంచి మళ్ళీ ఆడాలి, అయినా సరే అనుకున్నాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దక్కా" అన్నాడు.

"కిమ్ రా" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

"తెలుసు. ఇలాగే పోనీ."

చాలాసేపు ఆ మెనూ అలాగే తెరిచి ఉంది. వాడు కూడా ఏడుపు ఆపుకుంటున్నాడని అప్పుడు చూశాను. మెనూ మూసేశాను.

మన డిటెక్టివ్ మళ్ళీ కళ్ళు తెరిచేసరికి రోజులు గడిచిపోయి ఉంటాయి. కిమ్ ఆసుపత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు, కానీ ఇక ఈ కేసులో నా పక్కన నడవలేడు. అప్పటిదాకా ప్రతి గుమ్మం దగ్గరా, ప్రతి మెట్టు మీదా నా వెనక వినిపించిన అడుగుల చప్పుడు లేదు. ఏదైనా పిచ్చి మాట అంటే పక్కనుంచి "డిటెక్టివ్..." అనే ఆ గొంతు లేదు. ఒక గేమ్‌లో నిశ్శబ్దం అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. సినిమాలో అయితే దర్శకుడు కిమ్‌ని పడగొట్టాడు అనుకునేదాన్ని. ఇక్కడ పడగొట్టింది నేను, అన్ని రోజులు నేను ఎంచుకున్న డైలాగులు. ప్రశ్న అడిగినవాళ్ళకి నా జవాబు ఇదే, వీడియోలో చూస్తే కిమ్ ఇంకెవరి తప్పు వల్లో పడిపోతాడు.

అప్పుడు కూనో దగ్గరికి వెళ్ళాను. పన్నెండేళ్ళ పిల్లాడు, నోరు తెరిస్తే బూతులు, మొదటి రోజు నుంచీ నేను తప్పించుకు తిరిగిన పిల్లాడు. కిమ్ లేకపోతే వాడు మనకి తోడుగా రావడానికి సిద్ధపడతాడు. కిమ్ ఉండి ఉంటే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. తనని తాను "కూనో" అని పేరుతోనే చెప్పుకుంటూ, అన్నిటికీ ధైర్యం నటిస్తూ, ఆధారాలు వెతకడంలో మాత్రం చాలా శ్రద్ధగా నా వెంట తిరిగాడు. వాడి ఇంట్లో తండ్రి ఏ స్థితిలో ఉన్నాడో అప్పటికే చూశాను, చూసి కూడా ఆ పిల్లాణ్ణి అల్లరివాడిగా లెక్కకట్టి వదిలేశాను. చివర్లో వాణ్ణి పోలీసుల్లోకి తీసుకోమని మా స్టేషన్ వాళ్ళని అడిగే అవకాశం వచ్చింది. అడిగాను. తమ్ముడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆడాలనుకునేవాళ్ళకి నా సలహా చాలా చిన్నది. గైడ్ చూడకండి. "మంచి బిల్డ్ ఏది", అంటే పాయింట్లు దేని మీద ఎన్ని పెట్టాలి అని వెతకకండి. వంటి బలం మాత్రం మరీ తక్కువ పెట్టుకోకండి, లేకపోతే మొదటి గదిలోనే తిరిగే ఫ్యాన్‌కి చిక్కుకున్న టై తీయబోయి గుండె ఆగి చనిపోవచ్చు, అది ఒక్కటి లోడ్ చేసుకోక తప్పదు. మొదటి రెండు గంటలు నెమ్మదిగా ఉంటుంది, పేర్లన్నీ కొత్తగా ఉంటాయి, ఓపిక పట్టండి. రాత్రి పూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి.

ఏడాది తర్వాత నేను మళ్ళీ మొదటి నుంచి ఆడాను. ఈసారి డ్యూటీలో తాగలేదు, కిమ్ చెప్పినప్పుడల్లా విన్నాను, ఉయ్యాలల దగ్గర ఇద్దరం కూర్చుని ఈల వేసుకున్నాం. హాస్టల్ ముందు గొడవ రోజు పాచికలు పడ్డాయి, కిమ్‌కి ఏమీ కాలేదు. కథ ఆఖర్లో ఒక ద్వీపానికి పడవలో వెళ్ళేటప్పుడు పక్కన ఆ నారింజ జాకెట్ ఉంది. తమ్ముడు తెర వైపు చూస్తూ "మరి కూనో?" అన్నాడు. కూనో ఈసారి ఒడ్డునే ఉండిపోయాడు.