చిన్న పల్లె చరిత్ర కావాలంటే బడి రిజిస్టర్ తీయించండి

"కోటలు, శాసనాలు లేని చిన్న పల్లె చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు. ఆ ఊరి బడిలో, అడ్మిషన్ రిజిస్టర్‌లో దొరుకుతుంది. చాలామంది మెకంజీ కైఫీయత్తులు, అంటే కంపెనీ కాలంలో కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రలు, చూడమంటారు. అవి గొప్పవే, కాదనను. కానీ గుడి మాన్యాలు, పాలెగాళ్ల సంగతులు తెలిసినంతగా కూలివాళ్ల సంగతి వాటిలో తెలియదు.

మాది కర్నూలు వైపు, శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిన పల్లె. 1981 ఎండాకాలంలో అధికారులు ఇళ్లు కూలగొట్టించి ఖాళీ చేయించారు. అలా వంద దాకా ఊళ్లు పోయాయి. మావాళ్లు గట్టున కొత్త ఊరు కట్టుకున్నారు. బడి పెట్టె కూడా సామానుతో పాటు ఎద్దులబండి మీదే వచ్చిందట.

నాన్న పింఛను కోసం వయసు రుజువు కావాల్సొచ్చి ఇద్దరం ఆ బడికి వెళ్లాం. హెడ్మాస్టరు బీరువా అడుగు నుంచి అట్ట ఊడిన రిజిస్టర్ తీశారు. అంచులు చెదలు తినేశాయి. నాన్న పుట్టింది జూలై 1న అని ఉంది. ఆ పేజీలో సగం మందికి అదే తేదీ! చేర్చుకునే వయసుకు సరిపోయేలా అయ్యవార్లు వేసేసేవాళ్లు. తండ్రి పని అన్నచోట సేద్యం, కూలి, గొర్రెలు. పేజీలకు పేజీలు తిప్పితే గానీ ఒక ఆడపిల్ల పేరు కనబడలేదు.

1981 దగ్గరికొచ్చేసరికి 'బడి మానిన కారణం' గడిలో వరసగా ఎర్రసిరాతో 'ముంపు', 'ముంపు'. నాన్న ఒక్కో పేరు మీద వేలు పెట్టి, "వీళ్లు ఆత్మకూరు పక్కకు పోయినారబ్బీ. వీడు హైదరాబాదుకు కూలికి పోయినాడు, మళ్లీ రాలే" అని చెబుతూ పోయాడు. నేను రాసుకుంటూ కూర్చున్నాను. పరిహారం జాబితాల్లో ఉండేది ఇళ్లూ పొలాలూ ఉన్నవాళ్లు. ఏమీ లేనివాళ్ల పిల్లలు ఫలానా ఊళ్లో పెరిగారనడానికి మిగిలింది ఈ పుస్తకమే.

ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ముసలివాళ్లైన వాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లను రుజువులడిగే ప్రభుత్వం, రుజువులున్న రిజిస్టర్లను మాత్రం చెదలకు వదిలేసింది. 2022లో 3, 4, 5 తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు మా పక్క ఊరి బడి పుస్తకాలు గోతాల్లో కుక్కి మూలన పడేశారు. చూసి కడుపు మండింది.

మీ ఊరి బడి మూతపడి ఉంటే రిజిస్టర్లు ఎవరికి అప్పగించారో మండల విద్యాధికారిని అడగండి. హెడ్మాస్టరు ఒప్పుకుంటే పాత పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. వెళ్లేటప్పుడు ఊళ్లో పెద్దవాళ్లనొకరిని వెంటబెట్టుకెళ్లండి.